ఆక్యుపంక్చర్ సూది గుచ్చితే నరాల్లో ఏం జరుగుతుంది?

ఆక్యుపంక్చర్ మాటెత్తితే వినిపించే వాదనలు రెండే. "ఒంట్లో నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లనే రసాయనాలు విడుదలవుతాయని సైన్సే తేల్చింది కదా, ఇంకా అనుమానమేంటి?" అని ఒకరు. "ఉత్తుత్తి సూది వేసినా నొప్పి దాదాపు అంతే తగ్గింది, అదంతా నమ్మకం మహిమ" అని ఇంకొకరు. చిత్రమేంటంటే, ఇద్దరూ చూపించే పరిశోధనలు నిజమైనవే.

మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకటే అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. సూది గుచ్చితే నాడీ వ్యవస్థ స్పందిస్తుందా? ఆ స్పందన రావాలంటే సంప్రదాయం చెప్పిన చోటే గుచ్చాలా? వచ్చిన స్పందన రోగికి తేడా తెలిసేంత ఉంటుందా? మొదటి ప్రశ్నకు జవాబు దొరికి దాదాపు యాభై ఏళ్లయింది. గొడవంతా మిగతా రెండింటి దగ్గరే.

## సూది, బిందువు, మెరిడియన్

ఆక్యుపంక్చర్ సూది ఇంజెక్షన్ సూదిలా బోలుగా ఉండదు. లోపల రంధ్రం లేని సన్నటి స్టీలు సూది అది. మందం సాధారణంగా 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు. దాంతో ఏ మందూ ఒంట్లోకి వెళ్లదు. కాబట్టి ఏ ఫలితం వచ్చినా అది సూది గుచ్చడం, తిప్పడం వల్ల, లేదా ఆ చికిత్స చుట్టూ ఉన్న మాటామంతీ, నమ్మకం వల్ల రావాలి.

సూదులకు సన్నటి వైర్లు తగిలించి కొద్దిపాటి కరెంటు పంపితే అది ఎలక్ట్రో ఆక్యుపంక్చర్. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేది ఇదే. చేత్తో ఎంత తిప్పారో కొలవడం కష్టం, కరెంటునైతే కచ్చితంగా కొలవొచ్చు. ఎలుకల్లో కరెంటుతో వచ్చిన ఫలితాన్ని చేత్తో వేసే మామూలు సూదికి అంటగట్టడం ప్రచారంలో తరచూ జరుగుతుంది. ఎక్కడైనా పరిశోధన గురించి చదివినప్పుడు నేను మొదట చూసేది ఈ తేడానే.

చైనా సంప్రదాయం ప్రకారం 'చీ' అనే ప్రాణశక్తి మెరిడియన్లనే దారుల్లో ప్రవహిస్తుంది. ఆ దారుల మీదున్న బిందువుల్లో సూది వేస్తే ప్రవాహం సరవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక జాబితాలో ఇలాంటి బిందువులు 361 ఉన్నాయి. అయితే శరీరాన్ని కోసి చూసినా, మైక్రోస్కోపు కింద పెట్టి చూసినా మెరిడియన్ అని చెప్పదగ్గ నిర్మాణమేదీ నిర్ధారణ కాలేదు. చాలా బిందువులు పెద్ద నరాల దగ్గరున్న మాట నిజమే. మణికట్టు లోపలివైపు రెండు స్నాయువుల మధ్య ఉండే 'నెయ్‌గ్వాన్' బిందువు కిందనే మీడియన్ నరం వెళ్తుంది. కానీ దీన్ని పెద్ద సాక్ష్యంగా తీసుకోలేం. ఒంటి మీద ఎక్కడ వేలు పెట్టినా దరిదాపుల్లో ఏదో ఒక నరం ఉండనే ఉంటుంది.

## చర్మం నుంచి కండరం దాకా

'జుసాన్‌లీ' అనే బిందువునే తీసుకుందాం. మోకాలిచిప్పకు నాలుగు వేళ్ల దిగువన, కాలి ముందు ఎముక అంచు నుంచి ఒక వేలు వెడల్పు బయటికి ఉంటుంది. సూది చర్మం దాటేటప్పుడు చురుక్కుమంటుంది. అది 'ఏ-డెల్టా' అనే సన్నటి నరపు పోగులు చేరవేసే కబురు. తర్వాత సూది కండరంలోకి దిగుతుంది. మునివేళ్లతో దాన్ని అటూ ఇటూ తిప్పితే చురుకు పోయి వేరే అనుభూతి మొదలవుతుంది. లోపల బరువుగా, లాగినట్టుగా, తిమ్మిరిగా ఉంటుంది. ఒక్కోసారి పాదం దాకా పాకుతుంది. సంప్రదాయంలో దీన్ని 'డె చీ' అంటారు. శరీరశాస్త్రం లెక్కలో ఇది కండరంలోని ఏ-డెల్టా పోగులూ, వాటికంటే నెమ్మదిగా పనిచేసే 'సీ' పోగులూ కలిసి పంపే సంకేతం.

ఆ సమయంలో సూది వేసేవాళ్ల వేళ్లకూ ఒక తేడా తెలుస్తుంది. సూది లోపల బిగుసుకుంటుంది, పైకి లాగితే దాంతోపాటు చర్మం కూడా కాస్త లేస్తుంది. అమెరికాలో వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన హెలెన్ లాంజెవిన్ బృందం దీని కారణం వెతికింది. సూది తిరిగేకొద్దీ చర్మం కింద కణజాలాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు దాని చుట్టూ చుట్టుకుంటాయని, ఆ లాగుడుకు పక్కనున్న కణాలు ఆకారం మార్చుకుంటాయని 2000ల మొదట్లో చూపించింది. అంటే సూది వెంట్రుకంత సన్నదే అయినా, తిప్పినప్పుడు దాని ప్రభావం చుట్టుపక్కల కణజాలం మీద కూడా పడుతుంది.

కణాలు నలిగిన చోట మరో పని జరుగుతుంది. వాటి లోపల శక్తిని అందించే ఏటీపీ అనే పదార్థం బయటికి వచ్చి విడిపోయి అడినోసిన్‌గా మారుతుంది. అడినోసిన్‌కు దగ్గర్లోని నొప్పి నరాల్ని మందగింపజేసే గుణం ఉంది. 2010లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మైకెన్ నెడెర్‌గార్డ్ బృందం చిట్టెలుకల కాళ్లలో జుసాన్‌లీ దగ్గర సూది వేసి తిప్పింది. అక్కడ అడినోసిన్ సుమారు 24 రెట్లు పెరిగింది, నొప్పికి ఎలుకల స్పందన తగ్గింది. అడినోసిన్‌ను గుర్తించే 'ఏ1' గ్రాహకం పుట్టుకతోనే లేని ఎలుకల్లో మాత్రం ఎంత తిప్పినా నొప్పి తగ్గలేదు. ఆక్యుపంక్చర్ ప్రయోగాల్లో ఇంత శుభ్రంగా కుదిరినవి తక్కువ. కానీ ఇది సూది వేసిన చోటి దగ్గరి నొప్పి సంగతే చెబుతుంది. కాల్లో సూది వేస్తే తలనొప్పి ఎందుకు తగ్గాలో చెప్పదు.

మరి ఇదంతా నరాల ద్వారానే జరుగుతోందని ఎలా తెలిసింది? చైనాలో 1970ల మొదట్లో చేసిన ప్రయోగాల్లో సూది వేసే చోట కండరంలోకి ముందే మొద్దుబార్చే మందు ఎక్కించారు. దాంతో డె చీ అనుభూతీ పోయింది, నొప్పి తగ్గడమూ పోయింది.

## వెన్నుపాములో నొప్పికి అడ్డుకట్ట

కాలివేలు గుమ్మానికి తగిలితే వెంటనే చేత్తో రుద్దుకుంటాం, కాస్త ఉపశమనంగా ఉంటుంది. 1965లో రోనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ ఇచ్చిన 'గేట్ కంట్రోల్' సిద్ధాంతం దీనికి కారణం చెప్పింది. స్పర్శను మోసే లావు నరపు పోగులు చురుగ్గా ఉన్నప్పుడు, సన్నటి పోగులు తెచ్చే నొప్పి సంకేతాన్ని వెన్నుపాము పైకి వెళ్లనివ్వకుండా తగ్గిస్తుంది. ఆక్యుపంక్చర్‌కూ ఇదే వివరణ అని చాలాచోట్ల రాస్తుంటారు. అది సగం నిజమే. రుద్దడం లావు పోగుల్ని కదిలిస్తుంది. సూది, ముఖ్యంగా డె చీ తెప్పించే సూది, ఎక్కువగా కదిలించేది సన్నటి పోగుల్ని.

ఇక్కడ ఇంకో యంత్రాంగం బాగా అతుకుతుంది. ఒక చేతిని మంచునీళ్లలో పెట్టి ఉంచితే, ఆ కాసేపూ ఒంట్లో వేరేచోట కలిగించిన నొప్పి తక్కువగా అనిపిస్తుంది. నొప్పి పరిశోధకులు మామూలుగా చేసే పరీక్షే ఇది. ఒకచోట గట్టి ప్రేరణ ఇస్తే, మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే నరాలు మిగతా చోట్ల నుంచి వచ్చే నొప్పి సంకేతాల్ని అణుస్తాయి. ఫ్రాన్స్‌లో డానియెల్ లె బార్స్ బృందం 1979లో ఎలుకల్లో దీన్ని వివరించింది. కాల్లో సూదికి తల దగ్గర ఫలితం ఎందుకు రావచ్చో ఇది చెప్పగలదు. అయితే సంప్రదాయానికి ఇబ్బందయ్యే విషయం కూడా ఇందులోనే ఉంది. ఈ పద్ధతిలో ప్రేరణ ఫలానా బిందువులోనే ఉండాలన్న నియమం లేదు. తగినంత గట్టిగా ఉంటే ఒంట్లో ఎక్కడున్నా చాలు.

## ఎండార్ఫిన్ల కథ, దాని మెలిక

1971లో న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. సూదులు వేసి, మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్ చేశారని ఇప్పటికీ రాస్తుంటారు. అది తప్పు. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే జరిగింది. ఆ తర్వాత కడుపులో ఇబ్బంది తగ్గడానికి సూదులు వేశారు. ఏమైనా ఆయన రాసిన వ్యాసంతో పాశ్చాత్య దేశాల్లో ఆసక్తి ఒక్కసారిగా పెరిగింది.

అదే దశాబ్దంలో బీజింగ్‌లో హాన్ జీషెంగ్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. ఆక్యుపంక్చర్ చేసిన కుందేలు మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తీసి, అసలు సూదే వేయని మరో కుందేలుకు ఎక్కించారు. రెండో కుందేలుకూ నొప్పి తట్టుకునే శక్తి పెరిగింది. అంటే ఆ ద్రవంలో ఏదో రసాయనం ఉంది. 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్‌లిట్జ్ మెదడు తనంతట తానే తయారుచేసుకునే నల్లమందు లాంటి పదార్థాల్ని, ఎన్‌కెఫలిన్లను, కనిపెట్టడంతో ఆ రసాయనం ఏమై ఉండొచ్చో దారి దొరికింది. నల్లమందు జాతి పదార్థాల పనిని ఆపేసే నాలోక్సోన్ అనే మందు అప్పటికే ఉంది. 1976లో బ్రూస్ పొమెరాంజ్ ఎలుకల్లో, 1977లో డేవిడ్ మేయర్ బృందం మనుషుల పంటి నొప్పి మీద ప్రయోగాలు చేశారు. నాలోక్సోన్ ఇస్తే ఆక్యుపంక్చర్‌తో తగ్గిన నొప్పి తిరిగి వచ్చింది.

హాన్ ఇంకా ముందుకెళ్లారు. సెకనుకు 2 సార్లు కరెంటు పంపితే ఎన్‌కెఫలిన్, ఎండార్ఫిన్ రకాలు, 100 సార్లు పంపితే డైనార్ఫిన్ అనే మరో రకం ఎక్కువగా విడుదలవుతాయని చూపారు. రోగుల వెన్నుపాము ద్రవంలోనూ ఇలాంటి తేడానే కనిపించింది. అయితే వాళ్లకు కరెంటు పంపింది సూదులతో కాదు, చర్మం మీద అంటించిన పలకలతో. ఈ లెక్కన చూస్తే సూది ఏ మెరిడియన్ మీదుందన్నదాని కంటే నరానికి ఎంత వేగంతో ప్రేరణ అందిందన్నదే ముఖ్యం అనిపిస్తుంది.

ఇక్కడితో ఆగితే కథ చక్కగా ముగిసేది. కానీ 1978లో జాన్ లెవిన్, హోవర్డ్ ఫీల్డ్స్ బృందం పన్ను తీయించుకున్న రోగులకు నొప్పి మందు పేరుతో మందే లేని ఇంజెక్షన్, అంటే ప్లాసిబో, ఇచ్చింది. కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత నాలోక్సోన్ ఇస్తే ఆ ఉపశమనమూ పోయింది. నమ్మకంతో తగ్గే నొప్పి కూడా ఈ ఒంట్లో తయారయ్యే పదార్థాల మీదే నడుస్తుందన్నమాట.

కాబట్టి "ఎండార్ఫిన్లు విడుదలయ్యాయి, అందుకే ఇది ప్లాసిబో కాదు" అనే వాదన నిలబడదు. "ప్లాసిబోనే, అందుకే ఒంట్లో ఏమీ జరగలేదు" అనేదీ నిలబడదు. మెదడు స్కానింగుల సంగతీ ఇంతే. ఆక్యుపంక్చర్ సమయంలో నొప్పికి సంబంధించిన భాగాల్లో మార్పు కనిపిస్తుంది. అదే రోగికి నమ్మకం కలిగించినా ఆ భాగాల్లో కొన్ని మారతాయి.

## నొప్పి దాటి: వాపు, వేగస్ నరం

ఇటీవల ఎక్కువ చర్చకు వచ్చింది నాడీశాస్త్రవేత్త చ్యూఫూ మా బృందం 2020, 2021లో ప్రచురించిన పరిశోధనలు. చిట్టెలుకలకు బ్యాక్టీరియా విషపదార్థం ఎక్కించి ఒంట్లో తీవ్రమైన వాపు ప్రతిచర్య తెప్పించారు. వెనక కాలిలో జుసాన్‌లీకి సరిపోలే చోట తక్కువ కరెంటు పంపితే ఆ సంకేతం మెదడు కాండానికి చేరి, మెదడు నుంచి లోపలి అవయవాలకు వెళ్లే వేగస్ నరం గుండా, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథికి వెళ్లి, వాపును తగ్గించే రసాయనాల్ని విడుదల చేయించింది. పొట్ట మీద పంపితే ఈ మార్గం కదల్లేదు. కాలి లోతుల్లో ఉండే ఒక ప్రత్యేక రకం నరకణాల పోగులు పొట్ట దగ్గరి లోతు పొరల్లో లేకపోవడమే దానికి కారణం. ఆ నరకణాల్ని తీసేస్తే కాల్లో కరెంటు పంపినా ఫలితం లేదు.

చోటు ముఖ్యమే అన్న వాదనకు ఇంతకంటే గట్టి ఆధారం చూడలేదు. అయితే ఇక్కడ చోటు ముఖ్యమైంది ఏ నరపు పోగు ఎక్కడుందన్న లెక్క మీద, మెరిడియన్ లెక్క మీద కాదు. ఇదే బృందం చెప్పిన ఇంకో సంగతి ప్రచారంలో వినిపించదు. పొట్ట మీద ఎక్కువ కరెంటు పంపినప్పుడు, వాపు మొదలవకముందైతే మేలు చేసింది, మొదలయ్యాకైతే వాపును పెంచింది. ఎలుకల్లో వచ్చిన ఈ ఫలితాన్ని పట్టుకుని "రోగనిరోధక శక్తి పెరుగుతుంది" అనేవాళ్లు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు.

మనుషుల్లో ఆసక్తికరమైన పరీక్ష మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుపోయే కార్పల్ టన్నెల్ మీద జరిగింది. వేళ్ల తిమ్మిరి, నొప్పి దాని లక్షణాలు. 2017లో ప్రచురించిన ఈ అధ్యయనంలో 80 మంది ఉన్నారు. కొందరికి ఆ మణికట్టులోనే, కొందరికి రెండో వైపు చీలమండ దగ్గర ఎలక్ట్రో ఆక్యుపంక్చర్, ఇంకొందరికి ఉత్తుత్తి సూది. మూడు గుంపులవాళ్లూ బాధ తగ్గిందనే చెప్పారు. కానీ నరంలో సంకేతం వెళ్లే వేగం, మెదడులో రెండు పక్క వేళ్లకు చెందిన భాగాల మధ్య దూరం ఉత్తుత్తి సూది కంటే అసలు సూదికే మెరుగయ్యాయి. రోగి చెప్పే మాటా, యంత్రం చూపే కొలతా వేర్వేరు జవాబులిచ్చాయి. దేన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది ఇప్పటికీ తెగని ప్రశ్నే.

## ఉత్తుత్తి సూది నిజంగా ఉత్తుత్తిదేనా?

మాత్రనైతే పంచదారతో చేసి ఇవ్వొచ్చు. సూదికి అలాంటిది తయారుచేయడం కష్టం. 1998లో జర్మనీకి చెందిన కాన్రాడ్ స్ట్రీట్‌బర్గర్ ఒక మొద్దు సూదిని ప్రవేశపెట్టారు. నాటకాల్లో వాడే కత్తిలా అది ఒంట్లో దిగినట్టు కనిపిస్తుంది, నిజానికి పిడిలోకి పోతుంది. ఇంకో పద్ధతి, బిందువు కాని చోట పైపైన గుచ్చడం. ఇవేవీ నరాల్ని పూర్తిగా వదిలేయవు. మొద్దు సూది చర్మాన్ని నొక్కుతుంది, పైపైన గుచ్చినా సన్నటి పోగులు కదులుతాయి.

జర్మనీలో 1162 మంది నడుంనొప్పి రోగులతో చేసి 2007లో ప్రచురించిన పరీక్ష దీనికి మంచి ఉదాహరణ. ఆరు నెలలకు అసలు ఆక్యుపంక్చర్‌తో 47.6 శాతం మందికి, తప్పు చోట్ల పైపైన గుచ్చితే 44.2 శాతం మందికి, మామూలు వైద్యంతో 27.4 శాతం మందికి గుణం కనిపించింది. సూదికి అనుకూలంగా ఉన్నవాళ్లు మామూలు వైద్యం కంటే ఎంత మెరుగో చూడమంటారు. వ్యతిరేకులు అసలుకూ నకిలీకీ తేడా లేదు చూడమంటారు. రెండూ ఒకే పట్టికలోని అంకెలే.

ఆండ్రూ విక్కర్స్ బృందం 2012లో 29 పరీక్షల్లోని 17,922 మంది వివరాల్ని విడివిడిగా తీసి కలిపి లెక్కగట్టింది. దీర్ఘకాలిక నడుంనొప్పి, మెడనొప్పి, కీళ్లనొప్పి, తలనొప్పి లాంటివి అందులో ఉన్నాయి. వాళ్లిచ్చిన ఉదాహరణ ఇలా ఉంటుంది. నొప్పి 100కి 60 ఉన్నవాళ్లను తీసుకుంటే, సూదులు వేయించుకోకపోయినా కొంతకాలానికి అది 43కి దిగుతుంది. ఉత్తుత్తి సూదితో 35కి, అసలు సూదితో 30కి. మొత్తం తగ్గింది 30 పాయింట్లు. అందులో 17 ఎలాగూ తగ్గేవే. దీర్ఘకాలిక నొప్పి హెచ్చుతగ్గులతో ఉంటుంది, బాగా ఎక్కువైనప్పుడే మనం వైద్యం కోసం వెళ్తాం. మరో 8 ఏ సూదికైనా, ఆ చికిత్స తీరుకైనా దక్కేవి. సరైన చోట సరిగ్గా వేసినందుకు మిగిలింది 5. సూది వేయించుకున్న మనిషి దృష్టిలో తేడా 13. మెరిడియన్ సిద్ధాంతాన్ని పరీక్షిస్తున్నవాళ్ల దృష్టిలో 5. వాదనలో ఎవరు ఏ అంకె మీద నిలబడి మాట్లాడుతున్నారో చూస్తే సగం గొడవ తీరిపోతుంది.

ఆ 8 పాయింట్లలో ఏముందో టెడ్ కాప్‌చుక్ బృందం 2008లో పరిశీలించింది. పేగుల్లో ఇబ్బంది, అంటే ఐబీఎస్, ఉన్న 262 మందిని మూడు గుంపులు చేశారు. అసలు సూది ఎవరికీ లేదు. వెయిటింగ్ లిస్టులో ఉంచినవాళ్లలో 28 శాతం మంది తగినంత ఉపశమనం ఉందన్నారు. మాటల్లేకుండా ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్లలో 44 శాతం. అదే ఉత్తుత్తి సూదిని, కూర్చోబెట్టి బాధంతా ఓపిగ్గా విని, భరోసా ఇచ్చి వేస్తే 62 శాతం.

## మార్గదర్శకాలు ఎందుకు మారుతుంటాయి?

ఒకే ఆధారాల్ని ఏ ప్రశ్నతో చదివారన్నదాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. బ్రిటన్‌లో వైద్య సిఫారసులిచ్చే నైస్ అనే సంస్థ 2009లో నడుంనొప్పికి ఆక్యుపంక్చర్‌ను సిఫారసు చేసింది. 2016లో ఉత్తుత్తి సూదితో పోలిక చూసి వద్దంది. 2021లో కారణం తెలియని దీర్ఘకాలిక నొప్పికి పరిశీలించవచ్చంది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 2020లో దీర్ఘకాలిక నడుంనొప్పికి 90 రోజుల్లో 12 సార్లు చేయించుకోవడానికి ఖర్చు ఇవ్వడం మొదలుపెట్టింది. గుణం కనిపిస్తే మరో 8.

## బిందువు పేరు తీసేస్తే

చీలమండ లోపలివైపు ఎముక గుబ్బకు పైన 'సాన్‌యిన్‌జియావ్' అనే బిందువుంది. దాదాపు అదే చోట టిబియల్ నరం వెళ్తుంది. మూత్రాశయాన్ని నియంత్రించే నరాలు వెన్నుపాములో ఏ భాగం నుంచి బయల్దేరతాయో, ఈ నరంలోని కొన్ని పోగులూ అక్కడి నుంచే వస్తాయి. మూత్రం ఆపుకోలేని ఇబ్బందికి యూరాలజీ వైద్యులు ఇక్కడ సన్నటి సూది వేసి, వారానికి ఒకసారి 30 నిమిషాల చొప్పున 12 వారాలు కరెంటు పంపుతారు. సూది ఆక్యుపంక్చర్‌దే, చోటు దాదాపు అదే. కానీ ఇక్కడ 'చీ' ప్రస్తావన రాదు. ఏ నరం, ఎంత కరెంటు అన్నదే మాట.

2010లో 220 మందితో చేసిన పరీక్షలో దీనికీ ఉత్తుత్తి చికిత్సతో పోటీ పెట్టారు. అందుకు వాడింది కూడా స్ట్రీట్‌బర్గర్ మొద్దు సూదే. నమ్మకం కలగడానికి పాదం మీద కొద్దిపాటి కరెంటు కూడా ఇచ్చారు. అసలు చికిత్స పొందినవాళ్లలో 54.5 శాతం మంది, ఉత్తుత్తి గుంపులో 20.9 శాతం మంది బాగా మెరుగైందన్నారు. నడుంనొప్పి పరీక్షలో 47.6కి 44.2 అని చూశాం. జబ్బులు వేరు, కొలతలు వేరు కాబట్టి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి లెక్కగట్టడం కుదరదు. అయినా ఇక్కడి అంతరం చిన్నది కాదు. ఈమధ్య అదే టిబియల్ నరానికి కరెంటు ఇవ్వడానికి చీలమండ దగ్గర చర్మం కింద అమర్చే నాణెమంత పరికరాలు కూడా వచ్చాయి. వాటితో సూది అవసరమే లేదు.